కారులోకి హోరు ఏ దారిన వస్తోంది?

తారు రోడ్డు మీద సాఫీగా వెళ్తున్న కారు ఊళ్లోకి మలుపు తిరిగి సీసీ రోడ్డెక్కగానే లోపల హోరు ఒక్కసారిగా పెరుగుతుంది. బండి అదే, వేగం అదే, ఇంజిన్ తిరిగే తీరూ అదే. మారిందల్లా చక్రం కింద ఉన్న రోడ్డు. కారులో వినపడే మోతంతా ఇంజిన్‌దేనని అనుకునేవాళ్లకు అసలు సంగతి తెలియడానికి ఈ ఒక్క అనుభవం చాలు. నిలకడ వేగంతో పోయే కారు గంటకు 40, 50 కిలోమీటర్లు దాటిందంటే ఇంజిన్ కంటే టైరే ఎక్కువ చప్పుడు చేస్తుంది. 110, 120 దాటాక గాలి హోరు పైచేయి అవుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న వేగాల్లో, అంటే మన కుటుంబాలు హైవేల మీద మామూలుగా వెళ్లే వేగాల్లో, పెత్తనం టైరుదే.

ఇది చిన్న ఇబ్బందేమీ కాదు. డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్లు అడిగింది వెనక సీట్లో ఉన్న నాయనమ్మకు వినపడదు. రెండుసార్లు గొంతు పెంచి చెప్పాక ఎవరికి వాళ్లు మాటలు తగ్గించేస్తారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చాలా మధ్యతరగతి కార్ల లోపల శబ్దం 65 నుంచి 70 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే అది 60 దగ్గర ఉంటుంది. అంటే కారులో మాట్లాడాలంటే ప్రతి మాటా హోరును దాటి వెళ్లాలి. అలా నాలుగైదు గంటలు గడిపి దిగేసరికి తల దిమ్మెక్కిపోతుంది.

అందుకే కార్ డెకార్ షాపుల్లో కారు రేకులకు షీట్లు అంటించే ‘డ్యాంపింగ్’ చేయించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. నాలుగు తలుపులు, ఫ్లోరు, డిక్కీ, రూఫు అంటూ షాపువాళ్లు లెక్క కడతారు. ఖర్చు వేలల్లో మొదలై, కారు మొత్తం చేయిస్తే ఇంకా పైకి పోతుంది. చేయించుకున్నాక కొందరు కారే మారిపోయిందంటారు. మరికొందరు అంత డబ్బు పోసినా పెద్ద తేడా లేదని వాపోతారు. ఇద్దరు చెప్పేదీ నిజమే. షీట్ ఎంత మంచిదైనా, శబ్దం వచ్చే దారిలో వేస్తేనే పని చేస్తుంది. ఆ దారి ఏదో చూడకుండా వేస్తే కారుకు బరువు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ముందు టైరు దగ్గరికి వెళ్దాం. టైరు మీద ఉండే గడుల్లాంటి రబ్బరు దిమ్మలు రోడ్డును తాకిన ప్రతిసారీ చిన్న దెబ్బ పడుతుంది. వాటి మధ్య గాడుల్లో చిక్కిన గాలి నలిగి, ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. దిమ్మలన్నీ ఒకే కొలతలో ఉంటే ఈ దెబ్బలన్నీ ఒకే శ్రుతిలో కలిసి ఊళ పెడతాయి కాబట్టి, టైరు కంపెనీలు కావాలనే దిమ్మల కొలతలను కొద్దికొద్దిగా మారుస్తాయి. రోడ్డు విషయంలోనూ ఇదే సూత్రం. యమునా ఎక్స్‌ప్రెస్‌వే వంటి కాంక్రీటు రహదారుల మీద టైరుకు పట్టు కోసం ఉపరితలాన్ని గరుకుగా ఉంచుతారు. కాంక్రీటు మీద గీతలు అడ్డంగా, సమాన దూరంలో పడితే చక్రం వాటి మీద ఒకే శ్రుతిలో మూలుగుతూ పోతుంది. ఇక టైరు లోపలి గాలికీ ఒక గొంతు ఉంది. ఫ్లైఓవర్ జాయింటు మీద చక్రం పడగానే ‘టంగ్’మని మోగి ఆగిపోయేది అదే. మామూలు కారు టైరులో అది 200 హెర్ట్జ్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

ఇలా పుట్టిన చప్పుడు లోపలికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఇనుము దారి. చక్రానికి తగిలిన దెబ్బ హబ్‌కి, అక్కడి నుంచి సస్పెన్షన్‌కి, బుష్‌లకి, బాడీకి చేరి ఫ్లోరు రేకునూ తలుపు రేకునూ వణికిస్తుంది. వణికే రేకు లోపలి గాలిని కదిపి మళ్లీ శబ్దంగా మారుతుంది. సుమారు 500 హెర్ట్జ్ లోపు ఉండే బొంగురు మోత ఎక్కువగా ఇలా వచ్చేదే. రెండోది గాలి దారి. టైరు బయట అన్నింటికంటే గట్టిగా మోగేది 800 నుంచి 1000 హెర్ట్జ్ ప్రాంతంలో. ఆ చప్పుడు వీల్ ఆర్చ్‌ల మీదుగా, ఫ్లోరులో వైర్లు దూరే కన్నాల గుండా, తలుపు రబ్బర్ల సందుల్లోంచి, అద్దాల్లోంచి చొరబడుతుంది. ఒక దారికి వేసే మందు రెండో దారికి పనిచేయదు. డబ్బు వృథా అయ్యే చోటు సరిగ్గా ఇదే.

షీట్ల జోలికి పోకముందు పైసా ఖర్చు లేకుండా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. టైరు మీద అరచేత్తో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు నిమిరి చూడాలి. ఒకవైపు నున్నగా జారుతూ, రెండోవైపు రంపం పళ్లలా చేతికి తగులుతుంటే దిమ్మలు ఏటవాలుగా అరిగాయన్నమాట. అలాంటి టైరు కొత్తదానికంటే చాలా గట్టిగా మూలుగుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరని అర్థం. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి, అరుగుదల పెద్దగా లేకపోయినా చప్పుడు పెరుగుతుంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీద రాసిన గాలి ఎంతో, టైర్లలో ఉన్న గాలి ఎంతో కూడా పోల్చుకోవాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది వీల్ బేరింగు. పాడైపోతున్న బేరింగు మూలుగు అచ్చం టైరు మోతలాగే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద ఒక మోస్తరు వేగంతో వెళ్తూ స్టీరింగును మెల్లగా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరిగించినప్పుడు మూలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటే బేరింగును అనుమానించాలి. బరువు ఒక చక్రం మీది నుంచి ఇంకో చక్రం మీదికి మారడం వల్ల ఆ తేడా వస్తుంది. బేరింగు పోయిన కారుకు డ్యాంపింగ్ చేయిస్తే, ప్రమాద సూచన చెవిన పడకుండా మూసేసినట్లే. ఈ పరీక్ష చేయకుండా షీట్ల బేరం మాట్లాడే షాపులో పని చేయించకపోవడమే మంచిది.

తలుపు రబ్బర్లను చూడటానికి ఒక పది రూపాయల నోటు చాలు. నోటును తలుపు సందులో పెట్టి మూసి లాగాలి. బిగుతుగా వస్తే రబ్బరు బాగానే ఉంది. ఊరికే జారి వచ్చేస్తే అక్కడ గాలికి దారి ఉన్నట్టే. పాత కారులో ఈ రబ్బర్లు మార్చడం, తలుపు లాక్ దగ్గర సర్దుబాటు చేయించడం చిన్న పనులే. కానీ గాలి దారిన వచ్చే చప్పుడు మీద వాటి ప్రభావం పెద్దది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా హోరు ఉంటే అప్పుడు షీట్ల సంగతి. మార్కెట్లో అన్నిటినీ కలిపి ‘సౌండ్ ప్రూఫింగ్’ అనేస్తారు గానీ, అక్కడ మూడు వేర్వేరు పనులు చేసే మూడు రకాల సరుకులున్నాయి. వణుకును ఆపేది ఒకటి, శబ్దాన్ని అడ్డుకునేది ఒకటి, లోపలికి వచ్చినదాన్ని పీల్చుకునేది ఒకటి.

వణుకును ఆపేదాన్నే డ్యాంపింగ్ షీట్ అంటారు. మోగుతున్న కంచుగంట మీద అరచెయ్యి ఆనిస్తే మోత చప్పున ఆగిపోతుంది కదా, రేకు మీద ఈ షీట్ చేసేదీ ఆ పనే. సుమారు 2 మిల్లీమీటర్ల మందంలో జిగురుజిగురుగా ఉండే నల్లటి బ్యూటైల్ రబ్బరు, దాని మీద అల్యూమినియం రేకు. ఆ అల్యూమినియం అందం కోసమో ఎండ కోసమో పెట్టింది కాదు. కింద కారు రేకు వంగుతుంది. పైన అల్యూమినియం వంగనంటుంది. మధ్యలో చిక్కిన బ్యూటైల్ అటూ ఇటూ సాగి, వణుకులోని శక్తిని రవ్వంత వేడిగా మార్చేస్తుంది. రెండు గట్టి పొరల మధ్య ఒక మెత్తటి పొరను బంధించే ఈ పద్ధతికి లెక్క కట్టి, ఎడ్వర్డ్ కెర్విన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1959లో పరిశోధనా పత్రం ప్రచురించారు. పైన అల్యూమినియం పలచగా ఉంటే ఈ బంధం బలహీనపడుతుంది. కాబట్టి షాపులో షీట్ చేతికిచ్చినప్పుడు బ్యూటైల్ మందం ఒక్కటే అడిగితే సరిపోదు, అల్యూమినియం మందం కూడా అడగాలి.

తక్కువ ధరకు తారు షీట్లు దొరుకుతాయి. కంపెనీలు కూడా చాలా కార్ల ఫ్లోర్ల మీద తారు పలకలు వేస్తాయి. కానీ అవి ఫ్యాక్టరీలో పెయింటు ఓవెన్ వేడికి కరిగి రేకుకు అతుక్కునేలా చేసినవి. బయట దొరికే చవక తారు షీట్‌ను జిగురుతో తలుపుకో రూఫుకో అంటిస్తే, మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన కారులో అది మెత్తబడి జారుతుంది. లోపలంతా తారు వాసన పట్టుకుంటుంది. మన ఎండలకు బ్యూటైలే సరైనది. నేలకు సమాంతరంగా ఉండి, నీడలో ఉండే ఫ్లోరు అయితే తారు కొంత నయం. తలుపుకు, రూఫుకు మాత్రం వద్దు.

తలుపు పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే నాణ్యత ఎక్కడుందో తెలుస్తుంది. ముందు డోర్ ప్యాడ్ ఊడదీస్తారు. క్లిప్పులు విరక్కుండా తీయడంలోనే చెయ్యి తిరిగిన పనివాడెవరో తెలిసిపోతుంది. లోపల పలచటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. వానకు తలుపులోకి దిగే నీరు సీట్లవైపు రాకుండా ఆపేది అదే. దాన్ని చించకుండా తీస్తే పెద్ద పెద్ద కన్నాలు కనిపిస్తాయి. వాటిలోంచి చెయ్యి దూర్చితే అవతల బయటి రేకు తగులుతుంది. దుమ్ము, తడి, నూనె జిడ్డు పోయేలా తుడిచి, ఆరాక, షీట్‌ను ఆ రేకు నడిమధ్యలో అంటించి చిన్న రోలర్‌తో గట్టిగా రుద్దుతారు. అల్యూమినియం మీద అచ్చుపోసిన డిజైను చదునయ్యేదాకా రుద్దితేనే అంటుకున్నట్టు. లోపల గాలి బుడగలు మిగిలితే ఆ చోట షీట్ ఉన్నా లేనట్టే. పని కాకముందు తలుపును వేళ్లతో కొడితే డబ్బాలా మోగుతుంది. అయ్యాక ‘డబ్’మని మొద్దుగా ఆగిపోతుంది. తలుపు వేసినప్పటి చప్పుడు కూడా మారుతుంది. చాలామంది మురిసిపోయేది ఆ చప్పుడుకే. అయితే అది రేకు వణుకు తగ్గిందని చెబుతుంది గానీ, హైవే మీద హోరు ఎంత తగ్గుతుందో చెప్పదు.

ఒక్క అంగుళం కూడా వదలకుండా కప్పేస్తామని షాపువాళ్లు గొప్పగా చెబుతారు. అంత అవసరం లేదు. రేకు ఎక్కువగా వణికేది మధ్యలో, వంపులూ గట్లూ లేని చదును భాగంలో. విస్తీర్ణంలో నాలుగో వంతు నుంచి 40 శాతం దాకా అక్కడ సరిగ్గా అంటిస్తే డ్యాంపింగ్ వల్ల రావాల్సిన లాభంలో చాలా భాగం వచ్చేస్తుంది. మిగతా షీట్‌కి పెట్టే డబ్బు ఇంకోచోట, రెండో రకం సరుకు మీద పెడితే మేలు.

ఆ రెండోది శబ్దాన్ని అడ్డుకునే బరువైన పొర. ఇక్కడ ప్రకృతి నియమం కఠినంగా ఉంటుంది. గోడ బరువు రెట్టింపు చేస్తే అడ్డుకునే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంతకంటే కాదు. 0.7 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు అయిదున్నర కిలోలు తూగుతుంది. దాని మీద నురుగు పొర పరిచి, ఆ పైన చదరపు మీటరుకు 5 కిలోలు తూగే వినైల్ షీట్ వేస్తారు. మధ్యలో ఆ నురుగు ఉండి తీరాలి. బరువు షీట్ రేకును నేరుగా తాకితే రేకు వణుకు దానికీ అంటుకుంటుంది. ఈ పొరకు బాగా పనికొచ్చే చోట్లు ఫ్లోరు, వెనక వీల్ ఆర్చ్‌లు. హ్యాచ్‌బ్యాకుల్లో వెనక వీల్ ఆర్చ్‌లకూ సీట్లకూ మధ్య పలచటి ప్లాస్టిక్ తప్ప అడ్డేమీ ఉండదు. వెనక కూర్చున్నవాళ్లకు హోరు ఎక్కువ వినపడటానికి అదొక కారణం. అయినా తలుపుల పని జరిగినంతగా అక్కడ పని జరగదు, ఎందుకంటే డోర్ ప్యాడ్ ఊడదీయడం తేలిక, స్పీకర్ల ముచ్చట కూడా అక్కడే.

అడ్డుపొర కన్నాలను క్షమించదు. 40 డెసిబెల్స్ అడ్డుకోగల గోడలో నూటికి ఒక వంతు కన్నం వదిలేస్తే, అది అడ్డుకునేది 20 డెసిబెల్సే. ఖరీదైన వినైల్ పరిచి, వైర్ల దగ్గర, సీటు బోల్టుల దగ్గర చేతికొచ్చినట్టు కోసి సందులు వదిలేస్తే సగం డబ్బు అక్కడే పోతుంది.

మూడో రకం పీల్చుకునే దూది, ఫెల్ట్, స్పాంజి లాంటివి. డోర్ ప్యాడ్ వెనక, డిక్కీ ప్లాస్టిక్‌ల వెనక కుక్కుతారు. సన్నని చప్పుళ్ల మీద ఇవి బాగా పనిచేస్తాయి. బొంగురు మోత మీద దాదాపు పనిచేయవు. 1000 హెర్ట్జ్ శబ్దం అల పొడవు 34 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్‌ది 3.4 మీటర్లు. అంగుళం మందం స్పాంజి అంత పొడవు అలను పీల్చుకోలేదు. స్పాంజితో మొత్తం హోరు పోతుందని ఎవరు చెప్పినా నమ్మాల్సిన పని లేదు.

పెద్ద కంపెనీలు ఈ మూడింటినీ కారు పుట్టకముందే లెక్క వేస్తాయి. 2017లో వచ్చిన రోల్స్ రాయిస్ ఫాంటమ్‌లో శబ్దాన్ని ఆపే సామగ్రి ఒక్కటే 130 కిలోలకు పైగా ఉందని, దానికోసం 180 రకాల టైర్లను పరీక్షించామని ఆ కంపెనీ ప్రకటించింది. చివరికి లోపల నురుగు పొర ఉన్న టైర్లు వేశారు. ఇందాక చెప్పిన ‘టంగ్’ను చంపేది ఆ నురుగే. అదే కంపెనీ 2020 ఘోస్ట్ కారులో ఇంకో సంగతి జరిగింది. నమూనా కారులో నిశ్శబ్దం మరీ ఎక్కువై కూర్చున్నవాళ్లకు ఇబ్బందిగా అనిపించడంతో, ఇంజినీర్లు కాస్త మెత్తని శబ్దాన్ని కావాలనే ఉంచారు. చిన్న కారులో 130 కిలోలు మోయడమంటే ఇద్దరు మనుషులను ఎప్పుడూ అదనంగా ఎక్కించుకోవడమే. కాబట్టి మన కారుకు కావాల్సింది ఎక్కువ షీట్ కాదు, సరైన చోట వేసిన షీట్.

టైర్ల మార్పు దగ్గర పడితే అక్కడే ఆగి ఆలోచించాలి. మనవాళ్లు అల్లాయ్ వీల్స్ వేయించి వెడల్పు టైర్లు, పక్కగోడ తక్కువున్న టైర్లు ఎక్కించి, తర్వాత హోరు పెరిగిందని డ్యాంపింగ్‌కి వెళ్తుంటారు. హోరు పెంచుకున్నదీ, తగ్గించడానికి డబ్బు పెడుతున్నదీ వాళ్లే. యూరప్‌లో 2012 నుంచి టైరు మీద శబ్దం లేబుల్ తప్పనిసరి. మన కేంద్ర రవాణా శాఖ కూడా 2022లో టైర్ల శబ్దానికి నిబంధనలు ప్రకటించింది. అయితే ఈ కొలతలు రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లకు వినపడే శబ్దానివి, లోపల కూర్చున్నవాళ్లకు వినపడేదానివి కావు.

ఎలక్ట్రిక్ కార్లతో ఈ గొడవ కొత్త మలుపు తిరిగింది. ఇంజిన్ రొద పోవడంతో దాని చాటున దాక్కున్న టైరు మోత బయటపడింది. ఆ మోతకు ఒక విరుగుడు శబ్దాన్ని శబ్దంతోనే చంపడం. ఈ పద్ధతికి జర్మనీకి చెందిన పాల్ లూగ్ 1936లోనే అమెరికా పేటెంటు పొందారు. రోడ్డు హోరు మీద అది పనిచేయడానికి కంప్యూటర్లు ఎదిగిరావాల్సి వచ్చింది. హ్యుందాయ్ సంస్థ జెనెసిస్ జీవీ80 కారులో సస్పెన్షన్ వణుకును సెన్సర్లతో పసిగట్టి, ఆ మోత చెవికి చేరేలోపే స్పీకర్ల ద్వారా దానికి ఎదురు శబ్దం పంపే ఏర్పాటు చేసింది. సరిగ్గా స్పాంజికి లొంగని బొంగురు మోతే దీనికి లొంగుతుంది. సన్నని చప్పుళ్లకు మాత్రం పాత పద్ధతే గతి.

డ్యాంపింగ్ చేయించేవాళ్లు కొన్ని విషయాల్లో పట్టుదలగా ఉండాలి. తలుపు అడుగున నీరు కారిపోయే కన్నాలుంటాయి. అవి మూసుకుపోతే తలుపు లోపలి నుంచి తుప్పు పడుతుంది. కొన్ని కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్‌కి సంకేతమిచ్చే సెన్సరు తలుపు లోపలి గాలి ఒత్తిడి మార్పును బట్టి పనిచేస్తుంది. అలాంటి తలుపులో లోపలి కన్నాలను, గాలి చోటును ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ముందే సర్వీస్ సెంటర్లో అడిగి తెలుసుకోవాలి, వారంటీ సంగతి కూడా అక్కడే తేల్చుకోవాలి. ఫ్లోరు కార్పెట్ కింద నీరు పీల్చే స్పాంజి వేస్తే ఒక వానాకాలంలోనే ముక్క వాసన మొదలవుతుంది. నీరు పట్టని నురుగే అడగాలి. బానెట్ కింద దూది, ఫెల్ట్ కుక్కితే ఎలుకలు గూడు పెట్టుకుంటాయి. వైర్లు కొరికాక అయ్యే ఖర్చు డ్యాంపింగ్ ఖర్చును మించిపోతుంది.

పని ఫలితాన్ని తేల్చుకోవడానికి ఫోనులో డెసిబెల్ యాప్ పనికొస్తుంది, కానీ కొలిచే పద్ధతి ఉంది. ముందూ తర్వాతా ఒకే రోడ్డు ముక్క, ఒకే వేగం, ఒకే టైరు గాలి ఉండాలి. ఏసీ ఆపి, అద్దాలు ఎత్తి, పక్కన కూర్చున్నవాళ్లు ఫోను ఒకేచోట పట్టుకోవాలి. 10 డెసిబెల్స్ తగ్గితేగానీ చెవికి శబ్దం సగమైనట్టు అనిపించదు. 3 తగ్గినా తేడా తెలుస్తుంది. ఇలాంటి పనితో 2, 3 తగ్గితే మంచి ఫలితమే. పైగా యాప్ బొంగురు మోతను తక్కువగా లెక్కిస్తుంది కాబట్టి అంకె కదలకపోయినా చెవికి హాయిగా ఉండొచ్చు. వేగం లెక్క కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. వేగం రెట్టింపైతే టైరు శబ్దం సుమారు 9 నుంచి 12 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ లెక్కన 100 నుంచి 80కి తగ్గితే 3 డెసిబెల్స్ తగ్గుతాయి. వేలు పోసి చేయించిన పని ఇచ్చేదీ ఇంచుమించు అంతే. కొలిచేటప్పుడు స్పీడోమీటరు ముల్లు అటూ ఇటూ అయితే ఆ అంకెలకు అర్థం లేదు.

అంతా అయ్యాక ఇంకా మిగిలిన చప్పుడు ఎక్కడిదో వినాలి. కాళ్ల దగ్గర నుంచి వస్తుంటే ఫ్లోరు మిగిలి ఉంది. నడుము వెనక నుంచి వస్తుంటే వెనక వీల్ ఆర్చ్‌లు. చెవి పక్కన, అద్దం దగ్గర సన్నగా ఈల వేస్తుంటే అది గాలిది. దానికి రబ్బర్లు, సైడ్ మిర్రర్ దగ్గర సందులు చూసుకోవాలి. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే అద్దాలు కొన్ని కార్లలో కంపెనీ నుంచే వస్తాయి. అవి లేని కారులో అద్దం గుండా వచ్చే శబ్దానికి ఏ షీటూ పని చేయదు.